ఆదర్శ పన్నుదారు దశరథం

ప్రభుత్వ ఉత్తర్వు వెలువడిన మరునాడు మొగిలిగుట్ట పట్టణంగా నిద్ర లేచింది. ముందు రోజు పడుకున్నప్పుడు అది గ్రామమే. తెల్లారేసరికి ఊళ్లో ఒక్క ఇటుక లేచింది లేదు, ఒక్క గుంత పూడింది లేదు. అయినా పట్టణమైంది. సంగతి తెలియని బర్రెలు ఎప్పటిలాగే రోడ్డుకు అడ్డంగా పడుకొని నెమరేస్తున్నాయి. గ్రామంలో అలా పడుకుంటే వాటిని బర్రెలంటారు. పట్టణంలో పడుకుంటే ట్రాఫిక్ సమస్య అంటారు.

ఈ ఘనకార్యం దశరథానిది. భువనగిరి పోయే రోడ్డు మీద, పద్మశాలివాడ మొదట్లోనే ఆయన ఇల్లు. దినంలో సగం మగ్గం మీద, సగం ప్రజాసేవలో గడిపే మనిషి. మొగిలిగుట్టను మునిసిపాలిటీ చేయాలని బస్టాండు దగ్గర టెంటు వేసి రిలే నిరాహార దీక్ష నడిపిన నాయకుడు ఆయనే. రిలే దీక్ష అంటే పొద్దున ఇంట్లో తిని వచ్చి కూర్చొని, సాయంత్రం మళ్లీ ఇంటికి పోయి తినేది. ఆ మధ్యలోనే ఆకలిని ఓర్చుకోవాలి. దశరథం ఓర్చుకున్నాడు.

విజయోత్సవ సభలో ఆయన మెడ పూలదండల్లో మునిగిపోయింది. దండల మీదుగా మైకు అందుకొని మాట్లాడాడు. "ఇన్నొద్దులు మన పిలగాండ్లకు పిల్లను అడగపోతే, పల్లెటూరోళ్లకు ఇయ్యమన్నరు. ఇగ గా మాట అనెటోడు లేడు. నిన్నటిదాంక మన జాగా గజాల్లెక్క అడిగినోడే లేడు. ఇయ్యాల ప్లాట్లు కొనెటోళ్లు కార్లల్ల తిరుగుతున్నరు. ఇది అభివృద్ధి కాదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురింటి నర్సింగమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆమె చేతిలో గడ్డపార ఉంది. ఉపాధి పనికి బయలుదేరి దారిలో సభ చూసి ఆగింది. పట్టణాల్లో ఉపాధి హామీ పని ఉండదన్న సంగతి ఆమెకు ఆ తర్వాత వారం తెలిసింది. పట్టణవాసులు మట్టి తవ్వడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. వారి హోదా కాపాడడం కోసం పనే తీసేసింది. నర్సింగమ్మ ఆ గౌరవాన్ని గడ్డపారతో సహా ఇంటి మూల పెట్టుకొని, ఉన్న నాలుగు మేకల వెంట పడింది.

పంచాయతీ ఉన్నన్నాళ్లూ ఊరి పరిపాలన అంతా కారోబారు మైసయ్య సైకిలుకు వేలాడే సంచీలో ఉండేది. ఇంటి పన్ను వసూలు చేసేదీ, నల్లా నీళ్లు విడిచేదీ, బల్బు మార్చేదీ, పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ రాసుకొనేదీ ఆయనే. ఇది చాలా అశాస్త్రీయమైన పద్ధతి అని తేలింది. ఒక మనిషి చేయగల పనిని ఒక మనిషే చేస్తుండడం వల్ల పర్యవేక్షణకు తావే లేకుండా పోయింది.

మునిసిపాలిటీ, అంటే జనం మాటల్లో బల్దియా, వచ్చాక ఆ లోపాన్ని సరిదిద్దారు. కమిషనర్ రోజారమణి గారు వచ్చారు. ఆమె కింద మేనేజరు, ఆయన కింద లెక్కల అధికారి, పక్కన పన్నుల అధికారి, పట్టణ ప్రణాళిక అధికారి, పారిశుధ్య అధికారి, వీళ్లందరికీ గుమస్తాలు, గుమస్తాలకు కంప్యూటర్లు, కంప్యూటర్లకు ఆపరేటర్లు వచ్చారు. నల్లా నీళ్లు విడవడానికి మాత్రం మనిషి రాలేదు. ఆ పోస్టు మంజూరు కాలేదు. అందుకని మైసయ్యనే పిలిపించి, తాత్కాలిక పద్ధతి మీద, ముందటి జీతంలో సగానికి పెట్టుకున్నారు. ఆయన వాల్వు తిప్పుతుంటే ముగ్గురు దగ్గరుండి పర్యవేక్షించారు. నీళ్లు మునుపటి మాదిరే వచ్చాయి.

ఇన్ని కుర్చీలు పంచాయతీ ఆఫీసులో పట్టక ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకున్నారు. పెళ్లి వేదిక మీద కమిషనర్ గారి బల్ల వేశారు. వెనక ప్లాస్టిక్ పూల తోరణం కిరాయిలో భాగమే కనుక దాన్ని అట్లాగే ఉంచారు. జనం ఒకరి వెనక ఒకరు మెట్లెక్కి దరఖాస్తులు ఇచ్చేవారు. అక్షింతలు మాత్రం పైనుంచి కిందికి పడేవి.

తొలి సమావేశంలోనే ఒక సభ్యుడు లేచి, వచ్చే ఆదాయమంతా జీతాలకే పోతే రోడ్లకూ మురుగు పోయే మోరీలకూ ఏం మిగులుతుందని తెలివితక్కువ ప్రశ్న ఒకటి అడిగాడు. కమిషనర్ గారు ఓర్పుగా జవాబిచ్చారు. "రోడ్లు గ్రామాలకూ ఉంటాయి. మోరీలు గ్రామాలకూ ఉంటాయి. మరి పట్టణానికీ గ్రామానికీ తేడా ఏమిటి? పరిపాలన. పరిపాలన అంటే సిబ్బంది. సిబ్బందికి సకాలంలో జీతాలు ఇస్తున్న పట్టణమే అభివృద్ధి చెందిన పట్టణం. ఆ విధంగా మనం ఇప్పటికే అభివృద్ధి చెందాం." ఆ సభ్యుడు సిగ్గుపడి కూర్చున్నాడు.

దోమల నివారణకు ఒక విభాగం ఏర్పడింది. అందులో ఒక అధికారి, ఒక సహాయకుడు, ఒక పొగ యంత్రం ఉన్నాయి. యంత్రంలో పోయడానికి డీజిలు ఒక్కటే లేదు. కనుక అధికారి దోమలను పరిశీలించి, నెలనెలా నివేదిక పంపేవాడు. నివేదికల్లో దోమల అభివృద్ధి కూడా సంతృప్తికరంగానే ఉంది. వెన్నెల రోజుల్లో వీధి దీపాలు ఆపి విద్యుత్తు పొదుపు చేయాలన్న తీర్మానం ఒకటి జరిగింది. అమలులో ఏకరూపత కోసం దాన్ని అమావాస్యకు కూడా వర్తింపజేశారు.

ఇంత పరిపాలనను పాత పన్నుతో మోయడం అన్యాయమని గుర్తించి, ఇళ్లన్నీ కొత్తగా కొలవడం మొదలుపెట్టారు.

దశరథం ఇంటికి కొలతల ఉద్యోగి వచ్చినప్పుడు దశరథం మగ్గం మీదే ఉన్నాడు. ఉద్యోగి టేపు పట్టుకొని గదంతా తిరిగి, మగ్గం దగ్గర ఆగాడు.

"ఇదేంటి?"

"మగ్గం గుంట సార్. కాళ్లు పెట్టుకునే గుంట."

"నేల కంటే కిందికి ఉంది గదా?"

"కిందికి లేకుంటే కాళ్లు యాడ పెట్టాలె సార్?"

"కాళ్ల సంగతి నాకొద్దు. నేల కిందికి కట్టిందాన్ని సెల్లార్ అంటారు."

అలా మొగిలిగుట్టలో సెల్లార్ ఉన్న తొలి భవనం దశరథానిదైంది. బట్ట నేస్తున్న గది పారిశ్రామిక వినియోగం కింద, గుమ్మం పక్కన ఆయన భార్య శారదమ్మ పొరుగువాళ్లకు పాలు పోసే అరుగు వాణిజ్య వినియోగం కింద నమోదయ్యాయి. ఎప్పుడో డబ్బులున్నప్పుడు పైన గది వేసుకుందామని కట్టి వదిలేసిన మెట్లు ఉన్నాయి. అవి ఆకాశంలోకి పోయి ఆగిపోతాయి. ఉద్యోగి వాటిని కూడా ఎక్కి, చివరి మెట్టు మీద నిలబడి, చుట్టూ గాలిని చూసి ఏదో రాసుకొని దిగాడు. దూరదృష్టి ఉన్న మనిషి.

నోటీసు వచ్చిన రోజు దశరథం దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకొని మూడోసారి చదివాడు. పంచాయతీ కాలంలో ఏడాదికి కట్టిన పన్ను ఇప్పుడు నెలకు కూడా సరిపోదు. మర్నాడే బస్టాండు దగ్గర టెంటు వేయించాడు. అదే టెంటు, అదే మైకు. పట్టణ పన్నుదారుల పరిరక్షణ సమితి పుట్టింది. దశరథం అధ్యక్షుడు. రిటైరైన పంతులు బిక్షం ఉపాధ్యక్షుడు. ప్రభుత్వం నుంచి నెలనెలా పింఛను తీసుకుంటున్నందువల్ల ప్రభుత్వ దుబారా గురించి ఆయనకు ప్రత్యక్ష పరిజ్ఞానం ఉంది.

"మన నెత్తురు పన్ను రూపంల తాగుతున్నరు," అని దశరథం ఉపన్యసించాడు. "నౌకరీ చేసెటోనికి పనెంత, జీతమెంత? ఒక్కొక్కడు ఫ్యాను కింద కూసొని మన మీద బతుకుతున్నడు. పన్ను తగ్గించిందాంక ఎవ్వలు పైస కట్టొద్దు. ఒట్టెయ్యిండ్రి."

వాడవాడంతా ఒట్టేసింది. నర్సింగమ్మ కూడా చెయ్యి చాపింది. కట్టడానికి ఆమె దగ్గర ఎట్లాగూ లేదు కనుక, ఒట్టు నిలబెట్టుకోవడం తేలికనుకుంది.

ఆ నెలలోనే దశరథం ఇంట్లో పండుగ లాంటి సంగతి ఒకటి జరిగింది. కోడలు నవనీతకు సర్కారు నౌకరీ వచ్చింది.

నవనీత హుజూర్‌నగర్ పిల్ల. పెళ్లై వచ్చిన నాటి నుంచి పోటీ పరీక్షలు రాస్తూనే ఉంది. భర్త రాజేందర్‌కు భువనగిరిలో బట్టల దుకాణంలో కొలువు, అది అతని ఖర్చులకే చాలదు. కోచింగు ఫీజు కట్టింది దశరథం. ఆమె పట్నంలో ఉండి చదువుకున్నన్నాళ్లూ ఇంటి చాకిరీ శారదమ్మ ఒంటి మీద పడింది. ఎక్కడ చూసినా కోడళ్ల చేత చదువు మానిపించే కాలంలో, ఈ ఇంట్లో అందరూ కలిసి ఒక కోడలిని చదివించారు. వ్యంగ్యం రాసేవాడు కూడా ఇక్కడ కాసేపు కలం ఆపి నమస్కారం పెట్టాలి.

ఫలితాలు వచ్చిన రోజు దశరథం టెంటులోనే లడ్డూలు పంచాడు. ఉద్యోగులు దేశాన్ని తింటున్నారన్న ఉపన్యాసానికీ, మా కోడలు ఉద్యోగి అయిందన్న ప్రకటనకూ మధ్య మంచినీళ్లు తాగేంత విరామం మాత్రమే ఇచ్చాడు. సమితి సభ్యులు రెంటికీ చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నారు.

ఉద్యోగులను సొంత ఊళ్లో వేయరాదని నిబంధన ఉంది. రికార్డుల ప్రకారం నవనీత సొంత ఊరు హుజూర్‌నగర్. కాబట్టి మొగిలిగుట్ట ఆమెకు పరాయి ఊరే. మొగిలిగుట్ట బల్దియాలో, పద్మశాలివాడ ఉన్న వార్డుకే, ఆమెను వార్డు అధికారిగా వేశారు. ఆమె ప్రధాన విధి ఇంటి పన్ను వసూలు.

కోడలి జీతం చూపించి దశరథం బ్యాంకులో అప్పు తీసుకొని మెట్ల మీద నిజంగానే గది కట్టాడు. దానికి విడిగా పన్ను పడింది. ఆ పన్ను కూడా సమితి తీర్మానం ప్రకారం కట్టలేదు.

ఇలా పొద్దున మామ టెంటుకు, కోడలు ఆఫీసుకు ఒకే టైముకు బయలుదేరేవారు. శారదమ్మ ఇద్దరికీ సద్ది కట్టి ఇచ్చేది. ఇద్దరి డబ్బాల్లోనూ ఒకటే కూర. సాయంత్రం ఇద్దరూ అలిసి వచ్చేవారు. ఆయన కట్టొద్దని చెప్పి, ఆమె కట్టమని చెప్పి.

కొన్నాళ్లకు ఎవరిది పైచేయో తేలింది. వార్డులో వసూళ్లు నిలిచిపోయాయి. లక్ష్యం చేరని వార్డు అధికారుల జీతం ఆపాలని కమిషనర్ గారు ఉత్తర్వు ఇచ్చారు. నెల తిరిగింది, నవనీత జీతం పడలేదు. ఇంకో నెల తిరిగింది, బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. దశరథానికి కోపం వచ్చింది.

"నీ జీతం ఆపటానికి వాళ్లెవలు బిడ్డా?" అన్నాడు అన్నం ముందు కూర్చొని.

"వాళ్లు ఆపలే మామా. మీరు ఆపిన్రు."

దశరథం ముద్ద కిందపెట్టాడు.

"మన వార్డుల ఒక్కలు గూడ కడతలేరు," అంది నవనీత తలెత్తకుండా. "ఎవల ఇంటికి పోయినా ముందుగాల మీ మామను కట్టమను అంటున్నరు. నేనేం చెప్పాలె?"

"నా ఉద్యమం జీతాల మీద బిడ్డా. నీ జీతం మీద కాదు."

శారదమ్మ చారు గిన్నె తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. "మీ ఇద్దరిట్ల ఎవలు గెలిచినా బ్యాంకోడు మన ఇంటికే గదా వచ్చేది," అంది. ఆమె ఏ సమితిలోనూ సభ్యురాలు కాదు. అందుకని ఆ అభిప్రాయం ఎక్కడా నమోదు కాలేదు.

ఆ వారం బల్దియా చివరి అస్త్రం తీసింది. మొండి బకాయిదారుల ఇళ్ల ముందు డప్పు కొట్టించాలి. డప్పు కొట్టడానికి వేరే పోస్టు మంజూరు కాలేదు కాబట్టి, ఊరు ఊడ్చే ఏసోబుకు ఆ బాధ్యత అదనంగా అప్పగించారు. జాబితాలో వార్డులో మొదటి ఇల్లు దశరథానిది.

ఆ పొద్దు నవనీత ఇంట్లో చాయ పెట్టి, మామకు ఇచ్చి, చీర కట్టుకొని, ఏమీ తినకుండా ఆఫీసుకు పోయింది. గంట తిరక్కముందే ఏసోబును, ఇద్దరు గుమస్తాలను వెంటపెట్టుకొని అదే ఇంటి ముందుకు వచ్చింది. వాడకట్టు అంతా అరుగుల మీదికి చేరింది. ఏసోబు డప్పు ఎత్తి పట్టుకొని ఆమె ముఖం చూశాడు.

"కొట్టాల్నా మేడం?"

"కొట్టన్నా."

డప్పు మోగింది. మగ్గం మీద నుంచి దశరథం బయటికి వచ్చాడు. తొందరలో ఉత్త బనీను మీదే వచ్చాడు. సభల్లో తెల్ల చొక్కా, కండువాతో కనిపించే అధ్యక్షుడు భుజాల మీద దారపు నలుసులతో, చేతిలో నేత నాడెతో నిలబడ్డాడు. నవనీత కాగితం విప్పి చదివింది. మామ పేరు ఏనాడూ నోటితో పలికి ఎరుగని కోడలు, ఇంటి పేరుతో సహా, ఆయన తండ్రి పేరుతో సహా, బకాయితో సహా, వాడంతా వినబడేలా చదివింది. సగంలో కాగితం చేయి మార్చుకుంది. మిగతాది కూడా చదివింది.

ఏసోబు డప్పు ఆపి తన వంతు మాట కూడా చెప్పుకున్నాడు. "దశరథం సారు, నాలుగు నెలల సంది మాకు జీతాల్లేవు. మీరు కడితెనే మాకిస్తరట. పెద్ద సార్లకైతే నెలనెల పడుతున్నయి. మా జీతాలే పన్నుల్ల నుంచి రావాల్నట. జర కట్టుండ్రి."

శారదమ్మ లోపలి నుంచి గ్లాసులు తెచ్చింది. ఏసోబుకు, గుమస్తాలకు చాయ ఇచ్చింది. కోడలి చేతిలో ఉప్మా గిన్నె పెట్టి, "పొద్దుగాల్ల ఏం తినకపోతివి. తిని కొట్టిచ్చుకో," అంది. నవనీత వీధిలో నిలబడే రెండు ముద్దలు తిన్నది. కన్నీళ్లు గిన్నెలో పడకుండా పక్కకు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వుదామని వచ్చినవాళ్లు కూడా.

ఆ తర్వాత దశరథం మగ్గం మీదే కూర్చున్నాడు గానీ నేయలేదు. మధ్యాహ్నం తిరిగాక లేచి, చొక్కా తొడుక్కొని, పెట్టెలో దాచిన డబ్బు జేబులో పెట్టుకొని, మెయిన్ రోడ్డున పోతే సమితివాళ్లు చూస్తారని మోరీ పక్క సందులోంచి బల్దియాకు పోయాడు.

ఫంక్షన్ హాలులో పన్ను కట్టే కౌంటరు ముందు ఒక మనిషి ముఖానికి రుమాలు కట్టుకొని నిలబడ్డాడు. దశరథాన్ని చూసి రుమాలు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. ఆ లాక్కోవడంతోనే ఆయన బిక్షం పంతులని తెలిసిపోయింది.

"మనుమని పుట్టిన సర్టిఫికెట్ కోసం వచ్చిన," అన్నాడు బిక్షం.

"నేను గూడ గందుకే," అన్నాడు దశరథం. ఆయనకు మనుమలు ఇంకా పుట్టలేదు.

కౌంటరులో గుమస్తా కృష్ణకాంత్ బిక్షానికి సొంత మేనల్లుడు. ఇద్దరి జేబులూ ఉబ్బి ఉండడం చూసి, ముందుకు వంగి మెల్లగా అన్నాడు. "మామా, ఇప్పుడు కట్టకుండ్రి. సోమవారం మాఫీ వస్తాంది. వడ్డీ మొత్తం పాయె, అసలుల సగం పాయె. ఎలక్షన్లు దగ్గర పడ్డయి గదా. పైనుంచి కాగితం వచ్చింది, ఇంక బయటపెట్టలే. ఎవలకు చెప్పకుండ్రి."

ఇద్దరూ పక్కకు జరిగారు. జరగగానే వాళ్ల వెనక నిలబడ్డ మనిషి ముందుకు వచ్చింది. నర్సింగమ్మ. డప్పు తన ఇంటి ముందు కూడా మోగుతుందేమోనని భయపడి, అప్పటికప్పుడు సంతకు తోలుకుపోయి మేకలు అమ్మి వచ్చింది. కొంగు ముడి విప్పి నోట్లు కౌంటరు మీద పెట్టింది.

"లెక్కబెట్టుకో బిడ్డా. వడ్డీతోని మొత్తం ఉన్నది. దశరథన్న ఇంటి ముంగటనే కొట్టినంక మా అసుంటోళ్లను ఇడిసిపెడ్తరా."

దశరథం నోరు తెరిచాడు. బిక్షం ఆయన మోచేతిని పట్టుకున్నాడు. "అది ప్రభుత్వ రహస్యం. బయట పెడితే పిలగాని నౌకరీకి మోసం," అన్నాడు చెవిలో. మేనల్లుడి ఉద్యోగం ప్రమాదంలో పడడం దశరథానికి కూడా మానవత్వం కాదనిపించింది. ఉద్యోగాల విలువ ఈ మధ్యే ఆయనకు ఇంటినుంచే తెలిసి వచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. కృష్ణకాంత్ నర్సింగమ్మ నోట్లు లెక్కపెట్టి, రసీదు చింపి ఇచ్చాడు. ఆమె రసీదును కళ్లకు అద్దుకొని కొంగున ముడేసుకుంది.

"కట్టిన్రా మీరు?" అని అడిగింది బయటికి పోతూ.

"లైను ఎక్కువుంది," అన్నాడు దశరథం. వెనక ఎవరూ లేరు.

సోమవారం మాఫీ ప్రకటన వెలువడింది. మొదటి గంటలోనే దశరథం తెల్ల చొక్కా, కండువా వేసుకొని, సమితిని వెంటపెట్టుకొని ఊరేగింపుగా పోయి సగం పన్ను కట్టాడు. పోరాటం ఫలించిందని మైకులో ప్రకటించారు. వాడవాడంతా వరసకట్టింది. నవనీత వార్డు వారం తిరగకముందే లక్ష్యం దాటి, బల్దియాలోనే మొదటి స్థానానికి వచ్చింది. ఆమెకు ఆగిన జీతాలన్నీ ఒకేసారి పడ్డాయి. బ్యాంకువాళ్లు ఫోన్లు మానేశారు.

ఆగస్టు పదిహేనున ఫంక్షన్ హాలులో సన్మాన సభ జరిగింది. ఉత్తమ ఉద్యోగిగా నవనీతకు ప్రశంసా పత్రం ఇచ్చారు. మాఫీ పథకంలో మొట్టమొదట పన్ను చెల్లించిన దశరథాన్ని ఆదర్శ పన్నుదారుగా గుర్తించి శాలువా కప్పారు. వేదిక పెళ్లిదే కాబట్టి మామాకోడళ్లు పక్కపక్కన నిలబడితే ఫోటో బాగా వచ్చింది. నవనీత ఫోటోలో కిందికి చూస్తోంది.

కమిషనర్ గారు ప్రసంగించారు. "బకాయిదారులను చిన్నచూపు చూడకండి. వారు బకాయి పెట్టబట్టే మనం మాఫీ ఇవ్వగలిగాం. మాఫీ ఇవ్వబట్టే వారు కట్టగలిగారు. వారు కట్టబట్టే మన వసూళ్లు రికార్డు సృష్టించాయి. బకాయిదారులే లేకపోతే ఈ విజయం ఎక్కడిది?"

చప్పట్లు తగ్గాక వెనక కుర్చీల్లోంచి నర్సింగమ్మ లేచింది. "మేడం, నేను మాఫీకి మూడొద్దుల ముందుగాల్నే కట్టిన. వడ్డీతోని మొత్తం. నాకేమన్న వాపసు వస్తదా?"

కమిషనర్ గారు పన్నుల అధికారితో మాట్లాడి, చాలా మర్యాదగా వివరించారు. "అమ్మా, ఈ పథకం బకాయిదారులకు. మీరు ముందే కట్టేశారు కాబట్టి మీరు బకాయిదారు కారు. లేని బకాయిని ప్రభుత్వం ఎట్లా మాఫీ చేస్తుంది?"

ఆ తర్కానికి కూడా చప్పట్లు పడ్డాయి. దశరథం మాత్రం కొట్టలేదు. శాలువాలో చేతులు ఇరుక్కున్నాయి. నర్సింగమ్మ ఆయన వైపు చూసింది. కౌంటరు దగ్గర ఆయన ఎందుకు నోరు తెరిచాడో, ఎందుకు మూశాడో ఆ చూపుకు తెలిసినట్టే ఉంది. కూర్చుంది.

వసూలైన డబ్బును ప్రాధాన్య క్రమంలో ఖర్చు పెట్టారు. అధికారుల వాహనాల కిరాయి బాకీ తీర్చారు. సన్మాన సభ ఖర్చు తీర్చారు. ఏసోబుకు నాలుగు నెలల్లో ఒక నెల జీతం ఇచ్చి, మిగతాది పరిశీలనలో పెట్టారు. దోమల విభాగానికి ఇంకో సహాయకుడిని కోరుతూ ప్రతిపాదన పంపారు.

ఇక పన్నుదారుల సమితికి పని లేకుండా పోయింది. కానీ ప్రజాసేవ అలవాటైన మనిషి ఊరికే ఉండలేడు. పైగా దశరథం రెండో కొడుకు సతీశ్ ఆ ఏడే డిగ్రీ పూర్తి చేశాడు. బల్దియాలో మంజూరై ఖాళీగా ఉన్న పోస్టులు చాలా ఉన్నాయని వినికిడి. రెండు వారాల్లో టెంటు మళ్లీ లేచింది. ఖాళీల భర్తీ సాధన సమితి. అధ్యక్షుడు దశరథం. ఉపాధ్యక్షుడు బిక్షం, ఆయన మనుమరాలు కూడా పరీక్షలకు చదువుతోంది. అన్ని ఖాళీలనూ వెంటనే స్థానికులతో నింపాలని, జీతాలు పెంచాలని, పన్ను పైసా కూడా పెంచరాదని సతీశ్‌తో కలిసి ముగ్గురు కూర్చొని వినతిపత్రం రాశారు. మొన్న పన్ను కట్టనని ఒట్టేసిన వాడకట్టు అంతా వచ్చి సంతకాలు పెట్టింది. పెట్టని ఇల్లు లేదు.

ఒక్క నర్సింగమ్మ ఇల్లు తప్ప. ఆమె ఇంటికి పోవడానికి దశరథానికి కాళ్లు రాలేదు. ఒక పూట ఆమే టెంటు దగ్గరికి వచ్చింది. కట్టెల మోపు దించి, కాగితం వైపు చూసింది.

"ఏం రాసిన్రు దశరథన్నా గిండ్ల?"

ఆయన చదివి వినిపించాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"గింతమందిని పెడితె జీతాలు ఎవలియ్యాలె?"

"సర్కారిస్తది."

"సర్కారుకు ఎవలిస్తరు?"

బిక్షానికి దగ్గు వచ్చింది. దశరథం కాగితం అంచు సరిచేశాడు. టెంటు కింద ఉన్నవాళ్లంతా రోడ్డు మీద పోతున్న బస్సును చాలా ఆసక్తిగా చూశారు. బస్సు పోయింది. నర్సింగమ్మ ఇంకా అక్కడే ఉంది. ఆమె ఇప్పుడు మేకల సంగతి ఎత్తుతుందని, సోమవారం సంగతి ఎత్తుతుందని దశరథం తల వంచుకొని ఎదురు చూశాడు.

ఆమె కొంగుతో చేయి తుడుచుకుంది.

"మా మనుమరాలు నిరోష గూడ డిగ్రీల ఉన్నది," అంది. "దానికి ఈడ్నే వచ్చెటట్టు చూస్తరా?"

దశరథం తలెత్తాడు. చాలా రోజుల తర్వాత ఆయన ఆమె ముఖంలోకి చూడగలిగాడు. "ఎందుకు చూడం చెల్లె," అని ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. ఆమె వేలు అద్ది, గట్టిగా ఒత్తి, ముద్ర సరిగ్గా పడిందో లేదో వంగి చూసుకుంది.

మొగిలిగుట్టలో సంతకాలు పూర్తయ్యాయి. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లవి తీసుకుంటున్నారు. మీ ఇంట్లో డిగ్రీ అయినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. టెంటు సాయంత్రం దాకా ఉంటుంది. పన్ను రసీదు తేనవసరం లేదు.